హాల్టు కాడ సంతకాలు

పది దాటింది, ఇంకా ఎవరూ రాలేదు. వస్తారు, ఎందుకు రారు, పాలు పిండాలి, గొడ్లకు నీళ్ళు పెట్టాలి, పిల్లల్ని బడి బస్సు ఎక్కించాలి, పల్లెలో పనులు తెమిలేసరికి ఏ రోజైనా ఈ వేళే అవుతుంది, అని తనకు తానే చెప్పుకుంటూ రామలక్ష్మమ్మ టికెట్ల గది ముందున్న రాతిబల్ల మీద కూర్చుని ఊరి నుంచి వచ్చే బాట వంకే చూస్తోంది. బాట మీద ఎండ తప్ప ఏమీ లేదు. పది యాభైకి ధర్మవరం నుంచి హిందూపురం పోయే ప్యాసింజర్ వస్తుంది, అందులో తిమ్మరాజు అనే ఆఫీసరు దిగుతాడు, నల్లగుట్టపల్లి హాల్టు ఉండాలా పోవాలా అని ఊరివాళ్ళనే అడిగి, వాళ్ళు చెప్పింది రాసుకుని పోతాడు. యాభైమంది కనబడితే చాలు, యాభై ఎందుకు, ముప్పైమంది నోరు తెరిచి అడిగినా చాలు. పొద్దున ఆరింటికే వచ్చి గది ఊడ్చింది, గడప కడిగింది, కానుగ చెట్టు కింద రాలిన ఆకంతా ఎత్తి పోసింది, మూడు భాషల్లో ఊరి పేరున్న పసుపు బోర్డును తడిగుడ్డతో తుడిచింది, చెయ్యి అందని మేర దుమ్ము అట్లాగే ఉండిపోయింది. పెట్టెలో ఉన్న ధర్మవరం చీర కట్టుకుందామనుకుని, పట్టుచీరలో చూస్తే ఈమెకేం తక్కువ అనుకుంటాడేమోనని మళ్ళీ రోజూ కట్టే నూలుచీరే కట్టుకుంది. పెళ్ళిచూపులకు తయారైనట్టుందే అని నవ్వొచ్చింది. చూడబోయేది తనను కాదు, హాల్టును. కానీ తానెక్కడ ముగిసి హాల్టు ఎక్కడ మొదలవుతుందో ముప్పై ఏళ్ళు దాటినా ఆమెకు సరిగ్గా తెలియదు.

కోడలిగా ఈ ఊరికి వచ్చిన ఏడాదే హాల్టు వచ్చింది. అంతకు ముందు రైలు ఊరి పక్కనుంచే పోయేది గానీ ఆగేది కాదు. మీటరు గేజీ రోజుల్లో గుట్ట ఎక్కేచోట బండి ఎంత నెమ్మదిగా పోయేదంటే వయసు కుర్రాళ్ళు పక్కన పరుగెత్తి ఎక్కేవాళ్ళని మామ చెప్పేవాడు, పట్టాలు వెడల్పు చేశాక ఆ దొంగ ఎక్కుడు కూడా పోయింది, పెనుకొండ దాకా నడిచిపోతేనే రైలు. ఊరంతా అర్జీల మీద అర్జీలు పెడితే చివరికి సరే ఆపుతాం, ప్లాట్‌ఫారం మట్టి మీరే పోసుకోండి అన్నారు. నలభై రోజులు పోశారు. ఇంటికొక మనిషి, తట్ట ఒకటి, పార ఒకటి. కొత్త కోడలు మట్టి మోయడమేమిటని అత్త అడ్డం పడితే, తాను ఎక్కబోయే రైలుకు తాను మోయకపోతే ఎట్లా అని తట్ట నెత్తిన పెట్టుకుంది, అప్పుడు భర్త ముత్యాలప్ప నవ్విన నవ్వు, చెమటతో మెరిసే మొహం, ఇప్పుడు చూసినట్టే ఉంది. మొదటి బండి ఆగిన రోజు ఇంజనుకు బంతిపూల దండ వేశారు, డ్రైవరు కిందికి దిగి బెల్లం, వేయించిన పప్పులు తిని, ఇంకో పిడికెడు జేబులో పోసుకుని పోయాడు. టికెట్లు అమ్మడానికి రైల్వేవాళ్ళు మనిషిని పెట్టరట, కమిషన్ మీద ఊరివాళ్ళెవరో చూసుకోవాలట, ముత్యాలప్ప ముందుకొచ్చాడు. పెనుకొండ స్టేషన్ నుంచి అట్ట టికెట్లు గుడ్డసంచిలో తెచ్చేవాడు, తేదీ గుద్దే మిషన్‌లో ఒక్కొక్కటీ పెట్టి టక్కుమనిపించి ఇచ్చేవాడు. జీతం లేకపోయినా ఊరంతా ఆయన్ని రైల్వే ముత్యాలప్ప అనేది.

అప్పుడు ఐదు బండ్లు ఆగేవి. పొద్దున హిందూపురం బండికి పాలక్యాన్లు, టమాటా గంపలు, చింతపండు మూటలు, కాలేజీ పిల్లల నవ్వులు. సాయంత్రం ధర్మవరం బండి దిగి మగ్గాల పనికి పోయినవాళ్ళు వచ్చేవాళ్ళు, వాళ్ళ వేళ్ళకు పట్టు రంగు అంటుకుని ఉండేది, ఎర్ర వేళ్ళు, పచ్చ వేళ్ళు, ఆ వేళ్ళతోనే పిల్లలకు బొరుగుల పొట్లాలు అందించేవాళ్ళు. తొమ్మిదేళ్ళ కిందట ముత్యాలప్ప గుండె ఆగి పోయాడు. దినాలు తీరకముందే ఆమె వచ్చి గది తలుపు తీసింది, ఊళ్ళో కొందరు తప్పుపట్టారు, టికెట్ లేక ఎవరి బండీ తప్పకూడదన్నదొక్కటే అప్పుడు ఆమెకు తోచింది. తరువాత కరోనా. బండ్లన్నీ నిలిచిపోయి పట్టాల మధ్య గడ్డి మోకాలెత్తు పెరిగింది. మళ్ళీ తిరగడం మొదలయ్యాక రెండంటే రెండే ఆగాయి. ఇంటింటికీ మోటారు సైకిలొచ్చింది. సోమందేపల్లి రోడ్డు దాకా పోతే బస్సు, ఆడవాళ్ళకు అదీ ఊరికే. రోజుకు పదిమంది, ఆరుగురు, ఒక్కోరోజు ఎవరూ లేరు. ఎవరూ లేకపోయినా బండి వేళకు ఆమె వచ్చి, బండి ఎన్ని గంటలకు వచ్చిందో ఎన్ని గంటలకు పోయిందో రిజిస్టరులో రాసి పోయేది.

ఎక్కేవాళ్ళు లేరు గనుక హాల్టు ఎత్తేయాలనుకుంటున్నాం, అభ్యంతరాలుంటే చెప్పుకోండి అని కాగితం వచ్చిన రోజు ఆమె మొదట పరుగెత్తింది మరిది హరికృష్ణ దగ్గరికే. ముత్యాలప్ప తమ్ముడు, ఊళ్ళో నలుగురూ మాట వినే మనిషి. చదివి, మడిచి, "అట్లెట్ల ఎత్తేస్తారు వదినా, మనం చచ్చిపోయినామా?" అన్నాడు. అర్జీ ఆయనే రాయించాడు. "నువ్వు ఇంటింటికీ పోయి సంతకాలు పెట్టించుకోని రా, మిగతాది నేను సూసుకుంటా." పదిరోజులు తిరిగింది. ఏ ఇంట్లోనూ కాదనలేదు, కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు, పెన్ను తీసుకుని పెట్టారు. ఇప్పుడు తలుచుకుంటే ఏమిటో, ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. ఆ మజ్జిగ గ్లాసు చేతికిచ్చి గబుక్కున లోపలికి పోవడం, సంతకం పెడుతూ ఆమె మొహం వైపు చూడకపోవడం... ఛ, ఏమిటీ ఆలోచనలు. పదీ పావయింది. లక్ష్మీదేవమ్మ కూడా రాలేదేం? మిగతావాళ్ళు సరే, లక్ష్మీదేవమ్మ అందరికంటే ముందు వచ్చి ఈ రాతిబల్ల మీద ఆకూవక్కా నములుతూ కూర్చోవాలి కదా. ముప్పై ఏళ్ళ స్నేహం. లక్ష్మీదేవమ్మ మొదటి కాన్పు అడ్డం తిరిగినప్పుడు, ఆగాల్సిన బండి ఇంకా నాలుగు గంటలుందనగా, ముత్యాలప్ప ఎర్ర తువాలు ఊపుకుంటూ పట్టాల మీద నిలబడి బెంగుళూరు ఎక్స్‌ప్రెస్‌ను ఆపాడు. డ్రైవరు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు, గార్డు రాసుకున్నాడు, అయినా హిందూపురం ఆసుపత్రికి చేర్చారు, తల్లీ బిడ్డా దక్కారు. ఆ తర్వాత ముత్యాలప్పను పెద్దాఫీసుకు రెండుసార్లు పిలిపించి నిలబెట్టారు, టికెట్ల ఏజెన్సీ తీసేస్తామన్నారు. తిరిగొచ్చి, "పోతే పోనీలే, ఆ పిల్లోడు ఏడుస్తాంటే ఇనబడుతుండాది కదా," అన్నాడు.

మేకల గంటల చప్పుడుకు ఉలిక్కిపడి తల తిప్పింది. గుట్ట దిగి మందను తోలుకుంటూ ముసలి ఈరన్న వస్తున్నాడు.

"ఏమ్మా రామలక్ష్మీ, ఒక్కదానివే కూచోనుండావు?"

"ఊరోళ్ళ కోసరం సూస్తాండా పెద్దాయనా. ఆఫీసరు వస్తాండాడు కదా."

"ఊరోళ్ళా? అందరూ గేటు కాడ ఉండారు కదమ్మా. హరికృష్ణ శామియానా ఏయించినాడు. ఎవరో వచ్చి సున్నంతో గీతలు గీస్తాండారు, రైలు కింద దోవంట. అన్నాలు గూడా ఆడనే."

గేటు అంటే రైలు పట్టాలను ఊరి రోడ్డు దాటేచోటు. గుట్ట మలుపు అవతల ఉంది, ఇక్కడికి కనబడదు. ఆమెకు ఏదో అనుమానం తగిలింది, వెంటనే దాన్ని తోసేసింది. హరికృష్ణ అందరినీ అక్కడ జమచేసి ఒక్కసారిగా తోలుకొస్తాడు, అంతే. చెదురుమదురుగా వస్తే ఏం బాగుంటుంది, జనమంతా కలిసి నినాదాలు చేసుకుంటూ వస్తే ఆఫీసరు మీద పని చేస్తుంది, తెలివైనవాడు, తనకు చెప్పకుండా చేశాడంటే ఆశ్చర్యపడాలని. అన్నాలు ఆఫీసరుకోసమై ఉంటాయి. ఆ సున్నం గీతలు ఎవరి గొడవో ఎవరికి తెలుసు, గేటు పడితే అరగంట నిలబడాల్సి వస్తోందని, పోయినేడు పాము కరిచిన పిల్లను తీసుకుపోతున్న ఆటో కూడా ఆగిపోయిందని ఊరంతా మొత్తుకుంటోంది కదా, కింద దారి వేస్తే మంచిదే. దానికీ హాల్టుకూ ఏం సంబంధం. ఈరన్న ఇంకా అక్కడే నిలబడి ఏదో చెప్పబోయి, మేక ఒకటి పట్టాల వైపు పోతుంటే అటు పరుగెత్తాడు. పట్టాలు సన్నగా మోగడం మొదలుపెట్టాయి. బండి వస్తోంది. బాట మీద ఎవరూ లేరు.

బండి నిమిషం ఆగింది. కళ్ళజోడు పెట్టుకున్న నడివయసు మనిషి సంచి భుజాన వేసుకుని ఎత్తు మెట్ల మీంచి జాగ్రత్తగా దిగాడు, ఇంకెవరూ దిగలేదు, ఎవరూ ఎక్కలేదు, బండి వెళ్ళిపోయింది. ఆమె రిజిస్టరులో వేళ రాసి బయటికి వచ్చి దండం పెట్టింది. తిమ్మరాజు చుట్టూ చూశాడు, కడిగిన గడప, ఊడ్చిన చెట్టు కింద నేల, అన్నీ చూశాడు.

"ఎవరూ రాలేదా అమ్మా?"

"వస్తాండారు సార్. గేటు కాడ ఉండారంట, అందరూ కలిసి వస్తారు."

ఆయన ఆమె వైపు ఒక రకంగా చూశాడు. కోపం కాదు, జాలిలాంటిది. రాతిబల్ల మీద కూర్చుని సంచిలోంచి ఫైలు తీశాడు. "మీ ఊరి నుంచి నాకు రెండు అర్జీలు వచ్చాయమ్మా. హాల్టు ఉంచమని మీరు పంపింది ఒకటి. దానికి నెల ముందే ఇంకొకటి వచ్చింది. మీకు తెలియదనుకుంటాను. చదవండి."

చదివింది. గేటు వల్ల ప్రజలు పడుతున్న బాధలు, అంతా నిజమే. గేటు తీసేసి కింద వంతెన వేయాలి, నిజమే. వంతెనకు దారి హాల్టు ఉన్న స్థలంలోంచి పోవాలి గనుక హాల్టు ఎత్తేయడానికి గ్రామ ప్రజలకు ఏ అభ్యంతరమూ లేదు. ఆ వాక్యం రెండుసార్లు చదివింది. ఆ దారి పడబోయే చోటు పక్కనే హరికృష్ణ వేసిన ప్లాట్లు ఉన్నాయి, రాళ్ళు పాతి ఏడాదయింది, ఆమె రోజూ వాటి మధ్య నుంచే నడిచి వచ్చేది, ఇల్లు కట్టడానికి ఇంత దూరం ఎవరొస్తారబ్బా అనుకునేది. ఇంకా కింద ఇంకో వాక్యం. టికెట్లు ఇచ్చే మనిషి వేళకు ఉండడం లేదు, బండి పోయినాక వస్తుంది, అందువల్లనే ఎక్కేవాళ్ళు తగ్గిపోయారు, ఇటువంటి హాల్టు ఉన్నా లేనట్టే. అక్షరాలు కాసేపు కదిలిపోయాయి, కళ్ళు తుడుచుకుంటే నిలబడ్డాయి. వేళకు ఉండడం లేదు. జ్వరం వచ్చినా దుప్పటి కప్పుకుని వచ్చింది. ముత్యాలప్ప పోయిన మూడోనాడు, ఏడ్చి ఏడ్చి కళ్ళు కనబడకపోయినా, ఈ గదిలో కూర్చుని టికెట్ గుద్ది ఇచ్చింది, ఇచ్చింది ఎవరికి, ఈ ఊరివాళ్ళకే.

"పేర్లు రెండింట్లోనూ అవే," అన్నాడు తిమ్మరాజు. "రెండూ నిజం కావడానికి వీల్లేదు. ఈ మొదటిదాంట్లో సంతకాలు వాళ్ళవి కావని మీరు రాసిస్తే నేను విచారణకు రాస్తాను. అది తేలేదాకా హాల్టును ఎవరూ ముట్టుకోరు. ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు."

కాగితం తిప్పింది. మొదటి సంతకం హరికృష్ణది, వంకరటింకర ఇంగ్లీషులో. దాని కింద వరసగా తెలుగులో ఆడవాళ్ళవి. చూడగానే ఆమెకు ఎవరెవరివో పేర్లు చదవకుండానే తెలిసిపోయింది, ఎట్లా తెలియకుండా ఉంటుంది, ఆ అక్షరాలు దిద్దించింది తనే. హాల్టు వచ్చిన కొత్తలో ఊరూరా చదువు నేర్పమని ప్రభుత్వం పలకలూ పుస్తకాలూ పంచినప్పుడు, ఊళ్ళో తరగతి పెట్టడానికి చోటు దొరక్క, మధ్యాహ్నం బండికీ సాయంత్రం బండికీ నడుమ ఈ ప్లాట్‌ఫారం మీదే ఆడవాళ్ళను కూర్చోబెట్టింది. పలకలు చాలక ప్లాట్‌ఫారం అంచు బండల మీద సుద్దతో రాయించింది. వేలిముద్ర వేయించుకుని ఏ కాగితం మీద ఏం రాస్తారో మనకేం తెలుసు, సంతకం నేర్చుకోండి, మన పేరు మన చేతిలో ఉంటుంది, అని చెప్పింది. మారక్క ఇదిగో, క కింద ఒత్తు మరిచిపోయి తర్వాత ఇరికించింది, అప్పుడూ అంతే. సుబ్బలక్ష్మమ్మ పేరు గీత మీద పట్టక చివరి అక్షరాలు పైకెక్కిపోయాయి, ఎన్నిసార్లు చెప్పినా ఆమె మొదట్లోనే పెద్దగా రాస్తుంది. బాలమ్మ రాసిన బ, పొట్ట లేని బ. ఒక్కొక్క వేలూ పట్టుకుని దిద్దించింది. నాలుగో వరసలో లక్ష్మీదేవమ్మ. క్ష్మ రాయడం రాక పంతొమ్మిది రోజులు ఏడ్చింది, ఒత్తుల్ని ఒకదాని కింద ఒకటి మేడ మెట్లలాగా కిందికి దించుకుంటూ పోతుంది, కింది వరసలో ఉన్నవాళ్ళ పేరు మీదికి కూడా వెళుతుంది. ఇక్కడా వెళ్ళింది.

కావు సార్. ఒక్క మాట. నాలుక చివరిదాకా వచ్చింది. కావు అంటే చాలు, ఏడాదో రెండేళ్ళో ఈ గది ఉంటుంది, ఈ చెట్టు ఉంటుంది, వంతెన ఆగిపోతుంది, హరికృష్ణ ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు, తిరగనీ, ఒక్కొక్కళ్ళనూ పిలిచి ఇది నీదేనా అని అడుగుతారు, అడగనీ. కానీ ఆ మెట్లమెట్ల క్ష్మను చూస్తూ అది లక్ష్మీదేవమ్మది కాదని ఎట్లా చెప్పడం? నోరు తెరవబోతే ఆ పంతొమ్మిది రోజులూ అడ్డం వచ్చాయి. అసలు ఎందుకు ఇట్లా చేశారు? పాము కరిచిన ఆ పిల్లను ఆటోలో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది తను కాదా? ఇదిగో వంతెన కావాలంటే హాల్టు పోతుంది రామలక్ష్మీ, ఏం చేద్దాం, అని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు వచ్చి అడిగి ఉంటే ఏడ్చి అయినా తనూ పెట్టేది సంతకం. అడగలేదు. ఇంటింటికీ తిరగనిచ్చారు. మజ్జిగ ఇచ్చారు. ఇక్కడ ముందే పెట్టిన చేత్తోనే అక్కడా పెట్టి, ఎండలో పోతున్న తన వీపు వైపు చూసి ఉంటారు.

"సంతకాలు వాళ్ళవే సార్," అంది. కాగితం ఆయన చేతికిచ్చింది. "దొంగవి కావు."

"మరి మీ అర్జీలోవి?"

"అవీ వాళ్ళవే."

తిమ్మరాజు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆలోచించుకోండి అమ్మా. ఇంకేమైనా చెప్పాలనుకుంటే..."

"ఒగ మాట మాత్రం అబద్ధం సార్. నేను వేళకు ఉండనని రాసినారే, అది. హాల్టు తీసేయండి, ఆ మాట మాత్రం తీసేసి తీసేయండి."

లోపలికి పోయి రిజిస్టర్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది, తొమ్మిదేళ్ళవి, చెదలు తినకుండా వేపాకు పెట్టినవి. ఆయన ఎక్కడ పడితే అక్కడ తెరిచి చూశాడు, పండగ రోజులు చూశాడు, వాన రోజులు చూశాడు, ఒక్కరూ ఎక్కని రోజులు చూశాడు. చాలాసేపు చూశాడు. తరువాత తన కాగితం మీద ఏదో రాసి, ఆమెకు వినిపించేట్టు చదివాడు, ఏజెంటు మీద చేసిన ఫిర్యాదు నిజం కాదు, రికార్డు పరిశీలించాను, ఒక్క రోజు కూడా లోటు లేదు. "అంతే రాయగలను," అన్నాడు. చాలు సార్ అంది. ఆయన లేచి, ఆమెకు నమస్కారం పెట్టి, గుట్ట మలుపు వైపు నడుచుకుంటూ పోయాడు. కాసేపటికి అటునుంచి చప్పట్లు వినబడ్డాయి. యాభైమంది కాదు, ఇంకా ఎక్కువే ఉంటారు.

ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఆకలి వేసింది, పొద్దుటి నుంచి ఏమీ తినలేదని గుర్తొచ్చింది, ఇంత జరిగినా ఆకలి వేస్తుందా అని సిగ్గేసింది. హరికృష్ణ మీద కోపం తెచ్చుకుందామని చూసింది. అది సులభంగానే వచ్చింది, కానీ నిలవలేదు, వాడి ప్లాట్లు వాడివి, వాడు ఎప్పుడూ అంతే. మనసు మళ్ళీ మళ్ళీ పోయి ఆ నాలుగో వరస దగ్గర ఆగుతోంది. పట్టాల పక్క కాలిబాట మీద ఎవరో వస్తున్న అలికిడి. తల ఎత్తకుండానే ఎవరో తెలిసింది, ఆ కుంటి నడక, ఆ మెట్టెల చప్పుడు.

"అక్కా," అంది లక్ష్మీదేవమ్మ, దూరంగానే ఆగి. "ఎండలో కూచోనుండావే. నేను పొద్దున్నే వద్దామనుకుంటి అక్కా, మావోడు ట్రాక్టరు కాడ..."

"నువ్వు రాకపోతే ఏమిలే. నీ సంతకం వచ్చింది."

లక్ష్మీదేవమ్మ కొంగు కొస వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. గేటు వైపు నుంచి మైకులో ఎవరో మాట్లాడుతున్నారు, మాట తెలియడం లేదు.

"వంతెనకు పెట్టినావు, సరే," అంది రామలక్ష్మమ్మ. "నేను వేళకు ఉండనని ఉండాదే ఆ కాగితంలో. దాని మింద ఎట్ల పెట్టినావు లక్ష్మీ?"

"నాకేం తెల్సు అక్కా ఆడ ఏముండాదో! నాకు సదవనీకి యాడొస్తాది? సంతకం ఒగటే కదా నువ్వు నేర్పిచ్చింది. ఈడ పెట్టు అన్నాడు హరికృష్ణ, పెట్టినా."

రామలక్ష్మమ్మ ఆమె వైపు చూసింది. పోయిన మాఘమాసంలో ఈ రాతిబల్ల మీదే, కూతురి పెళ్ళిపత్రిక ఒళ్ళో పెట్టుకుని, వేలు ఆనించి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ లక్ష్మీదేవమ్మ మొదటినుంచి చివరిదాకా చదివింది. సుముహూర్తం దగ్గర ఆగితే తను అందిస్తాననబోయింది, చెప్పొద్దక్కా చెప్పొద్దు, నేనే సదువుతా అని మొండికేసి చదివింది. చదివేసి, యాభై దాటిన మనిషి, చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టుకుంది.

"ఔలే లక్ష్మీ," అంది రామలక్ష్మమ్మ. "నీకు సదవనీకి రాదు."

లక్ష్మీదేవమ్మ చటుక్కున తల ఎత్తి, ఆమె కళ్ళలోకి ఒక్కసారి చూసి, దించుకుంది. గేటు కాడ నుంచి అన్నాలకు రమ్మని మైకులో పిలుస్తున్నారు. లక్ష్మీదేవమ్మ అటు పోలేదు. వచ్చి పక్కన కూర్చోనూ లేదు.